మంచులో ఆగని టిక్కులు

సగం గడ్డం గీసి ఉండగానే ప్రొఫెసర్ చనిపోయాడు.

ఎడమ చెంప నున్నగా ఉంది. కుడి చెంప మీద సబ్బు నురగ ఇంకా ఆరలేదు. వేడి టవల్ కోసం మంగలి లోపలి గదిలోకి వెళ్లి వచ్చేలోగా పని పూర్తయింది. సైలెన్సర్ బిగించిన పిస్టల్, ఒకే గుండు, కుర్చీ వెనుక నుంచి. బెంచీ మీద కూర్చుని పేపర్ చదువుతున్న రెండో కస్టమర్ మాయమయ్యాడు. పోతూ పోతూ పేపర్ మడత పెట్టి మరీ వెళ్లాడు.

టైమ్ ఉదయం ఎనిమిది నలభై.

ఆ రోజు ప్రొఫెసర్ అంతర్జాతీయ కమిషన్ ముందు నిలబడి ఒకే ఒక్క మాట చెప్పాల్సి ఉంది. ‘అబద్ధం’ అనే మాట. ఆ మాట చెప్పడానికి సరిపోయే డిగ్రీలున్న మనిషి ఆ ఊళ్లో అతనొక్కడే.

తొమ్మిదికల్లా ఏజెంట్ ఇరవై రెండు ఆ షాపులో ఉన్నాడు. యాభై ఏళ్లు, కాస్త పొట్ట, గ్రీజు మరకలు వదలని గోళ్లు. డిపార్ట్‌మెంట్‌లో అతన్ని నంబరుతో ఎవరూ పిలవరు. ‘ఫ్రిజ్’ అంటారు. సీక్రెట్ సర్వీసులోకి రాకముందు అతను పదహారేళ్లు ఫ్రిజ్‌లు, ఏసీలు, కోల్డ్ స్టోరేజీలు రిపేర్ చేశాడు. చదువు ఎనిమిదో తరగతితో సరి. అందుకే ఇరవై ఏళ్ల సర్వీసులో ఏ మిషన్ ఇచ్చినా వేషం ఒకటే, ఏసీ మెకానిక్. కోటు తొడుక్కుని ముందు తలుపులోంచి వెళ్లే మిషన్లు డిగ్రీలున్న కుర్రకారుకు. నిచ్చెన మోసుకుంటూ వెనక గేటు గుండా వెళ్లేవి ఇతనికి.

మంగలి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఇన్‌స్పెక్టర్ అప్పటికే అతన్ని హంతకుడి ముఖం గురించి నాలుగుసార్లు అడిగాడు. ముఖం పేపర్ వెనకాల ఉందని మంగలి నాలుగుసార్లు చెప్పాడు. ఇరవై రెండు ముఖం గురించి అడగలేదు. పేపర్ పట్టుకున్న చేతుల గురించి అడిగాడు.

మంగలి కళ్లు మూసుకుని ఆలోచించాడు. “రెండు వేళ్లకు పొక్కులున్నాయి సార్. తెల్లగా, మైనం పూసినట్టు. వేడినీళ్ల పొక్కులు నాకు తెలియనివి కావు, రోజూ పడేవే. ఇవి అవి కాదు.”

ఇరవై రెండు తన ఎడమ బొటనవేలు చూసుకున్నాడు. ఎప్పుడో గ్యాస్ పైపు పగిలి చేతిమీద చిమ్మినప్పటి మచ్చ. నిప్పు కాల్చినట్టే చలి కూడా కాలుస్తుంది. ఆ సంగతి పుస్తకాల్లో ఉందో లేదో అతనికి తెలియదు, వేలికి మాత్రం తెలుసు. వెతకాల్సింది విపరీతమైన చలితో పనిచేసేవాణ్ణి అని ఇన్‌స్పెక్టర్‌తో చెప్పాడు. డాక్టర్ సర్టిఫికెట్ లేకుండా పొక్కుల మీద కేసు నడపలేమన్నాడు ఇన్‌స్పెక్టర్.

తొమ్మిదిన్నరకు డైరెక్టర్ గదిలో బ్రీఫింగ్. ఇరవై రెండు లోపలికి అడుగు పెట్టగానే డైరెక్టర్ పైకి చూపించి, ముందు ఆ ఏసీ సంగతేమిటో చూడవోయ్ అన్నాడు. కాబట్టి దేశ భద్రతకు సంబంధించిన అత్యంత రహస్యమైన ఆ బ్రీఫింగ్‌ను ఇరవై రెండు కుర్చీ ఎక్కి, ఏసీ ఫిల్టర్ దులుపుతూ విన్నాడు.

విషయం ఇది. సరిహద్దులో ఒక జలసంధి. దాని ఒడ్డున మూడు వేల కుటుంబాలు, ఒక లైట్‌హౌస్, కొన్ని పడవలు. పొరుగు దేశపు గూఢచారి ముఠా తోలు మీద గీసిన ఒక పాత మ్యాప్ తెచ్చింది. తొమ్మిది వందల ఏళ్ల నాటిదట. అందులో జలసంధి మొత్తం వాళ్లదే. మ్యాప్ నిజమైనదని కమిషన్ సీలు వేస్తే, నెలలోగా ఇటువైపు జనం ఇళ్లు ఖాళీ చేయాలి. సీలు పడ్డాక అప్పీలు లేదు.

ప్రొఫెసర్ ల్యాబ్ ఆ తోలుకు కార్బన్ డేటింగ్ చేసింది. దూడ చచ్చి నూరేళ్లు కూడా కాలేదని తేలింది. అక్కడితో కథ ముగియాలి. ముగియలేదు. ముఠా ఒక సైంటిస్టును దింపింది. పత్రికలు అతనికి ‘మంచు డాక్టర్’ అని పేరు పెట్టాయి. మ్యాప్ ఇన్నాళ్లూ మంచు గుహలో ఉందనీ, చలికి రేడియోధార్మిక క్షయం దాదాపు ఆగిపోతుందనీ, అందుకే పాత తోలు కొత్తదిలా కనిపిస్తోందనీ అతని వాదన. వాదనతో ఆగకుండా ప్రాథమిక విచారణలో ప్రయోగం చేసి చూపించాడు. రేడియోధార్మికతను లెక్కపెడుతూ నిమిషానికి ఆరు వందలసార్లు టిక్కుమన్న కౌంటర్, చలిలో పెట్టగానే తొంభైకి పడిపోయింది. కమిషన్ సభ్యులు నోరెళ్లబెట్టారు. తుది ప్రయోగం ఈ రోజే.

మన ఏజెంట్ ‘పట్టుపురుగు’ ముఠాలోనే ఉంది, కమిషన్‌లో దుబాసీగా పనిచేస్తోంది, ప్రయోగం మధ్యాహ్నం మూడింటికని రిపోర్ట్ పంపింది అన్నాడు డైరెక్టర్. ఇంకో ప్రొఫెసర్ విమానంలో వస్తున్నాడు, రెండున్నరకు దిగుతాడు. ఈలోగా ఇరవై రెండు హాల్లోకి మెకానిక్‌గా దూరి మంచు డాక్టర్ నోట్‌బుక్ ఫొటోలు తీయాలి. అందుకోసం స్క్రూడ్రైవర్ పిడిలో కెమెరా ఇచ్చారు.

“ఫొటోలు తీయి, వచ్చేయి. నోరు మాత్రం విప్పకు. అది చదువుకున్నవాళ్ల సభ.”

“హంతకుడు కూడా అక్కడే ఉంటాడు సార్. వేళ్లకు చలి పొక్కులు...”

“రాతపూర్వకంగా పెట్టు, చూద్దాం. ఇదిగో, ఏసీ ఇంకా చల్లబడలేదే?”

వ్యాన్‌లో కూర్చోగానే భార్య ఫోన్. లైట్‌హౌస్ చూసుకునేది ఆమె అన్నయ్యే. పుట్టిన దగ్గర్నుంచీ అక్కడే ఉన్నాడు, పిల్లలు అక్కడి బడిలోనే చదువుతున్నారు. నిన్నటి నుంచి వదిన సామాను మూటలు కడుతోందట.

“మీరు గవర్నమెంట్‌లో పనిచేస్తారు కదా, ఏం జరుగుతుందో కాస్త కనుక్కోండి అంటున్నాడు అన్నయ్య. ఏసీలు బాగుచేసే మనిషికి ఏం తెలుస్తుందన్నయ్యా అని చెప్పాను,” అంది ఆమె. అతను గూఢచారి అని ఆమెకు తెలియదు. చెప్పడానికి రూల్స్ ఒప్పుకోవు. చెప్పినా నమ్మదన్నది వేరే సంగతి.

అతను నేరుగా హాలుకు వెళ్లలేదు. ప్రొఫెసర్ ల్యాబ్‌కు వెళ్లాడు. మూడో అంతస్తు, గాజు గొట్టాల వరుసలు, గోడకు ఆనించి సీసపు ఇటుకలు. లోపల ఒక్క మనిషే ఉంది. ఇరవై ఏడేళ్లుగా అక్కడ శాంపిళ్లు కడిగి, కాల్చి, లెక్కలు తీసిన టెక్నీషియన్. అందరూ ఆమెను ‘ల్యాబ్ అక్క’ అంటారు. ఏడ్చి ఏడ్చి ముఖం ఉబ్బిపోయి ఉంది, చేతులు మాత్రం గొట్టాలు తుడుస్తూనే ఉన్నాయి. తనను కమిషన్ ముందు నోరు విప్పనివ్వరని ఆమె చెప్పింది. మాట్లాడాలంటే డాక్టరేట్ ఉండాలట. ప్రొఫెసర్ సంతకం పెట్టిన ప్రతి లెక్కా ఆమె చేసిందే.

ఇరవై రెండు సూటిగా అడిగాడు. “అక్కా, చలికి ఈ క్షయం నిజంగా ఆగుతుందా?”

“ఏది ఆగేది? మండటం, గడ్డకట్టటం, ఉడకటం, ఇవన్నీ పరమాణువుకు వాకిట్లో జరిగే గొడవలు. ఇది పగిలేది లోపల్లోపల, తాళం వేసిన గదిలో. వీధిలో ఎండ కాస్తే దానికేం, వాన కురిస్తే దానికేం? ఒకటి రెండు రకాల్లో వెంట్రుకవాసి తేడా ఉందంటారు. కార్బన్‌లో అదీ లేదు. పొయ్యిలో పెట్టు, మంచులో పెట్టు, దాని లెక్క దానిదే.”

“మరి వేడికి రాళ్ల వయసు మారిపోతుందని ఆ డాక్టర్ పత్రికల్లో చెప్పాడే?”

“సగం నిజం చెప్పాడు, దొంగలు చెప్పేది అదేగా. కొన్ని రాళ్ల వయసు లోపల పోగుపడిన గ్యాస్‌ను బట్టి కడతాం. రాయి గట్టిగా కాలితే ఆ గ్యాస్ బయటికి పోతుంది, వయసు తగ్గినట్టు కనిపిస్తుంది. అది క్షయం మారడం కాదు.”

“లీకేజీ,” అన్నాడు ఇరవై రెండు. జీవితంలో మొదటిసారి సైన్సు అతనికి సొంత భాషలో వినిపించింది.

కానీ ల్యాబ్ అక్కకు ఒక్కటే అంతు చిక్కలేదు. ప్రాథమిక విచారణలో జనంతో పాటు ఆమె కూడా ఉంది. తాడు కట్టి పన్నెండడుగుల దూరంలో నిలబెట్టారు. టిక్కులు నిజంగానే తగ్గాయి. తన చెవులతో విన్నది. ఇరవై ఏడేళ్ల చదువూ అబద్ధమేమోనని ఆ రోజు ఆమెకు అన్నం సహించలేదు.

“టిక్కులు వినే ట్యూబ్ ఎక్కడ పెట్టాడు?” అని అడిగాడతను.

“టిక్కులు పుట్టించే రేడియోధార్మిక మందుబిళ్ల పక్కనే. రెండిటినీ ఒకే చెక్కకు గుచ్చి, ద్రవ నైట్రోజన్ ఫ్లాస్కులోకి దించాడు.”

ఇరవై రెండు నవ్వాడు. ఆ నవ్వులో సంతోషం లేదు. ఒకప్పుడు చేపల కోల్డ్ స్టోరేజీలో పనిచేసినప్పటి సంగతి చెప్పాడు. గది లోపల పెట్టిన ఎలక్ట్రానిక్ కాటా రోజూ తక్కువ తూకం చూపించేది. చేపలు దొంగిలిస్తున్నారని యజమాని ముగ్గురు కూలీలను పనిలోంచి తీసేశాడు. కాటా బయటికి తెచ్చి, కాస్త ఎండలో పెట్టాక తూకం సరిపోయింది. చేపలు ఎక్కడికీ పోలేదు. కాటాయే చలికి కొయ్యబారింది. ఆ ముగ్గురినీ మళ్లీ పనిలోకి పిలవలేదు.

ల్యాబ్ అక్క చేతిలోని గుడ్డ కింద పడింది. “ట్యూబ్ లోపల గ్యాస్ ఉంటుంది. ఆ చలికి అది గడ్డకట్టి చస్తుంది. చలిలో పెట్టొద్దని మాన్యువల్ మొదటి పేజీలోనే ఉంటుంది. ఈ పని తెలిసినవాడెవడూ ట్యూబ్‌ను ముంచడు. ఎవడూ ముంచడు కాబట్టి మాకెవరికీ ఆ అనుమానమే రాలేదు. అందరం మందు వైపే చూస్తూ నిలబడ్డాం.”

“ఇంకో ట్యూబ్ ఉందా?”

ఆమె లంచ్ బ్యాగ్‌లోంచి టిఫిన్ డబ్బా తీసి పక్కన పెట్టి, ఆ చోట చేతి కౌంటర్ సర్దింది.

అప్పుడే అతని కంటికి బల్ల మీది చీటీ కనిపించింది. నైట్రోజన్ సప్లై కంపెనీది. కమిషన్ హాలుకు పదకొండింటికి క్యాన్ పంపిస్తున్నాం కాబట్టి ల్యాబ్‌కు ఈ రోజు సగమే ఇస్తాం అని రాసి ఉంది. పదకొండింటికి తెచ్చి, వెడల్పు మూతి ఫ్లాస్కులో పోస్తే అది మూడింటిదాకా ఎక్కడుంటుంది? ఆవిరైపోతుంది. మెకానిక్ అయినవాడెవడూ మధ్యాహ్నం పనికి అలా తెప్పించుకోడు. ప్రయోగం మూడింటికి కాదు, పన్నెండింటికే. పట్టుపురుగు రెండు వైపులా ఆకులు తింటోంది.

పదకొండు ఇరవై ఐదు. డైరెక్టర్‌కు ఫోన్ చేశాడు. మూడు అని రిపోర్ట్ ఉంది, నీ దగ్గర ఏముంది అన్నాడు డైరెక్టర్. బుర్ర ఉంది సార్ అన్నాడు ఇరవై రెండు. దాన్ని ఫైల్లో పెట్టలేమని ఫోన్ పెట్టేశాడు డైరెక్టర్.

కమిషన్ హాలు వెనక గేటు. భుజాన నిచ్చెన, పక్కన హెల్పర్ వేషంలో ల్యాబ్ అక్క. స్టోర్ రూమ్ తలుపు దగ్గర సముద్రపు రంగు సూట్‌లో నిలబడి ఉంది పట్టుపురుగు. ఆ అందానికి సెక్యూరిటీ గార్డు పాస్‌లు తలకిందులుగా చదువుతున్నాడు.

కోడ్ ప్రకారం ఆమే ముందు అడగాలి. అడిగింది. “కంప్రెసర్ ఎన్ని టన్నులు?”

“రెండున్నర. కానీ లోపల ఎవరో లీక్ చేస్తున్నారు.”

కోడ్‌లో చివరి ముక్క లేదు. ఆమెకు అర్థమైంది. గార్డును పంపించేసి, లిప్‌స్టిక్ తీసినంత తేలిగ్గా పర్సులోంచి చిన్న పిస్టల్ తీసింది. ముఠాతో కలిస్తే ఎంత సుఖమో చెప్పబోయి, ఎందుకో మధ్యలో ఆగింది. అతన్ని పైనుంచి కిందకు చూసింది. చొక్కా, గోళ్లు, నిచ్చెన. తర్వాత బ్యాగ్ పట్టుకున్న ల్యాబ్ అక్కను చూసింది.

“మిస్టర్ ఫ్రిజ్, మీరిద్దరూ లోపలికెళ్లి అరిచి గీపెట్టినా వినేవాడెవడు? మీకు ఎనిమిదో క్లాసు. ఆవిడ గొట్టాలు కడిగే మనిషి. గుండు దండగ.”

పిస్టల్ మళ్లీ పర్సులో పెట్టేసి, హై హీల్స్ టకటకలాడిస్తూ హాల్లోకి వెళ్లిపోయింది.

ఇరవై ఏళ్లలో అతన్ని ముగ్గురు కాల్చారు, ఒకడు రైల్లోంచి తోశాడు. ఏ దెబ్బా ఇంత నొప్పి పెట్టలేదు. ఎందుకంటే ఆమె అన్నది నిజం. అతను గోడను ఒక్క గుద్దు గుద్దాడు.

“పద అన్నా,” అంది ల్యాబ్ అక్క. “మనం ఏమీ చెప్పొద్దు. చెవులున్నవాళ్లను విననిద్దాం.”

హాలు నిండుగా ఉంది. అధ్యక్షుడు తెల్లగడ్డం పెద్దాయన. ముందు ఎర్రలక్క, ఇత్తడి సీలు, మ్యాప్. మన దేశానికి కేటాయించిన నిపుణుడి కుర్చీ ఖాళీ. బల్ల వెనక మంచు డాక్టర్, పక్కనే పట్టకారు పట్టుకున్న అసిస్టెంట్. అతని కుడి చేతి రెండు వేళ్లకు తెల్లటి పట్టీ.

ఇరవై రెండు నిచ్చెన వేసి బల్ల పైనున్న ఏసీ గ్రిల్ విప్పడం మొదలుపెట్టాడు. రెండు స్క్రూలు తీసేసరికి కెమెరా ఊడి అతని జేబులో పడింది. అది పనిచేస్తుందని అతనూ అనుకోలేదు.

కింద ప్రయోగం నడిచింది. గుండీ అంత మందుబిళ్ల, పక్కన ట్యూబ్. ఆరు వందలు. ఫ్లాస్కులోకి దించారు. తెల్లటి పొగ. టిక్కులు పలచబడ్డాయి, తడబడ్డాయి, తొంభై దగ్గర ఆగాయి. మంచు డాక్టర్ చేతులు చాపి, కాలమే గడ్డకట్టింది మహాశయులారా అన్నాడు. పట్టుపురుగు దాన్ని ఇంకా అందంగా అనువదించింది. అభ్యంతరం ఉన్న నిపుణులెవరైనా ఉన్నారా అని అధ్యక్షుడు ఖాళీ కుర్చీ వైపు చూశాడు. పది సెకన్లు ఆగాడు. సీలు చేతిలోకి తీసుకున్నాడు. లక్క కరిగింది.

సీలు మ్యాప్‌కు జానెడు దూరంలో ఉండగా ఇరవై రెండు నిచ్చెన మీంచి బల్ల మీదికి దూకాడు.

అతను ఒక్క మాట మాట్లాడలేదు. అసిస్టెంట్ చేతిలోంచి పట్టకారు లాక్కుని, పొగలు కక్కుతున్న మందుబిళ్లను ఫ్లాస్కులోంచి పైకి తీశాడు. ల్యాబ్ అక్క అప్పటికే తాడు దాటింది. బ్యాగ్‌లోంచి కౌంటర్ తీసి, ట్యూబ్‌ను అంతే దూరంలో పట్టుకుంది.

టిక్ టిక్ టిక్ టిక్. హాలంతా మారుమోగింది. బిళ్ల మీద మంచు తెల్లగా పేరుకునే ఉంది. కౌంటర్ మీద అంకె ఆరు వందలు.

అసిస్టెంట్ పట్టీ కట్టిన చెయ్యి కోటులోకి వెళ్లింది. ఇరవై రెండు ఫ్లాస్కును కాలితో తన్నాడు. నైట్రోజన్ నేల మీద బుసలు కొట్టింది, మోకాళ్ల ఎత్తున పొగ లేచింది. అసిస్టెంట్ వెనక్కి దూకి నిచ్చెన తట్టుకుని పడ్డాడు. పిస్టల్ దూరంగా జారింది. దానికి ఇంకా సైలెన్సర్ బిగించే ఉంది. గార్డులు అతని మీద పడ్డారు.

ఆ కౌంటర్ దొంగదని మంచు డాక్టర్ అరిచాడు. అప్పుడు ఇరవై రెండు తొలిసారి నోరు విప్పాడు. “సరే, మీ ట్యూబే వాడదాం.”

ఇరవై రెండు ఆ ట్యూబ్ వైరు పీకి, దాన్ని గుడ్డలో చుట్టి, జ్వరం చూసుకునే మనిషిలా చంకలో పెట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు. అతను కూర్చున్నది నిపుణుడి కుర్చీ. పదిహేను నిమిషాలు హాల్లో ఎవరూ కదలలేదు. ల్యాబ్ అక్క ఈలోగా బిళ్లను బల్ల కింద క్యాన్‌లో మిగిలిన నైట్రోజన్‌లో మళ్లీ ముంచి ఉంచింది. ట్యూబ్ వెచ్చబడ్డాక తిరిగి వైరు తగిలించి, పొగలు కక్కే బిళ్ల పక్కన అదే దూరంలో పట్టుకుంది. ఆరు వందలు. డాక్టర్ సొంత ట్యూబే. ఆరు వందల రెండు, ఐదు వందల తొంభై ఎనిమిది, మళ్లీ ఆరు వందలు.

“దానికి చలి లేదు సార్,” అన్నాడు ఇరవై రెండు అధ్యక్షుడితో. “చలి వేసింది వినే చెవికి.”

పట్టుపురుగు ఒక్క క్షణం అతని వైపు, ఒక్క క్షణం తలుపు దగ్గర చేరిన పోలీసుల వైపు చూసింది. తర్వాత మైకు దగ్గరికి జరిగి, అతని మాటను ఐదు భాషల్లో, గొంతు వణికేంత దేశభక్తితో అనువదించింది.

అధ్యక్షుడు సీలు పెట్టెలో పెట్టి మూత వేశాడు. మ్యాప్ నకిలీ, దూడ నిన్నమొన్నటిది, జలసంధి ఎక్కడిదక్కడే. మంచు డాక్టర్ ఏడ్చాడు. అతని అసిస్టెంట్‌ను గుర్తుపట్టడానికి మంగలిని పిలిపించారు. వేళ్లు చూపిస్తే చాలన్నాడతను.

సాయంత్రం లైట్‌హౌస్ నుంచి ఫోన్ వచ్చింది. వదిన మూటలు విప్పుతోందట. టీవీలో ఆ దుబాసీ అమ్మాయి ఎంత బాగా చెప్పిందో బావా, దేశాన్ని నిలబెట్టింది అన్నాడు బావగారు. చాలా బాగా చెప్పింది అన్నాడు ఇరవై రెండు. ఇంకేమీ అనలేదు. అనడానికి రూల్స్ ఒప్పుకోవు.

మర్నాడు పట్టుపురుగుకు మెడల్ ప్రకటించారు. ముఠాను లోపలి నుంచి దెబ్బ తీయడానికే తప్పు టైమ్ పంపానని ఆమె ఇరవై పేజీల రిపోర్ట్ ఇచ్చింది. దాన్ని ఫైల్లో పెట్టగలిగారు. ల్యాబ్ అక్కకు అనుమతి లేకుండా కౌంటర్ బయటికి తీసుకెళ్లినందుకు హెచ్చరిక. ఇరవై రెండుకు మెమో. ‘తగిన విద్యార్హత లేకుండా అంతర్జాతీయ వేదికపై శాస్త్రీయ అభిప్రాయం వెలిబుచ్చినందుకు ఏడు రోజుల్లో వివరణ ఇవ్వాలి.’

వివరణ రాయడానికి క్లర్కు అతనికి రెండు తెల్లకాగితాలిచ్చి, అందినట్టు మూడు చోట్ల సంతకం చేయించుకున్నాడు.